వంజరం వేపుడు: ముక్క విరగకుండా

మా అత్తగారిది కాకినాడ. పెళ్లయిన కొత్తలో ఆవిడ వంటింట్లో నేను వేయించిన మొదటి వంజరం ముక్కలు పెనానికి అంటుకుని తునకలైపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు మళ్లీ చేప తెప్పించి, కడిగిన ముక్కలను పాత నూలు పంచె మీద పరిచి, పైన ఇంకో మడత కప్పి, అరచేత్తో మెల్లగా అద్దారు. చూస్తుండగానే పంచె తడిసిపోయింది. "నిన్న ఈ నీళ్లన్నీ నూనెలో పడ్డాయమ్మా" అన్నారు. వేపుడు గురించి నేను నేర్చుకున్న అసలు పాఠం అదే.

అరకిలో చేపకు ఆరు ముక్కలు వచ్చేలా, అడ్డంగా, వేలి మందాన కోయించండి. కోయించే ముందు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు నేను వంజరం జోలికి వెళ్లను, చెరువు శీలావతి తెస్తాను. దానికి సన్నముళ్లు ఎక్కువ కనుక పిల్లలకు పొట్ట ముక్కలే వేయిస్తాను. అక్కడ పెద్ద ముళ్లే ఉంటాయి, తీసి పెట్టడం తేలిక.

ముక్కలకు కల్లుప్పు, పసుపు రుద్ది రెండు నీళ్లలో కడగండి. తర్వాత గుడ్డ మీద అద్దండి. ముట్టుకుంటే వేలికి తడి తగలకూడదు.

ముద్దకు రెండు చెంచాల కారం, చెంచాడు ధనియాల పొడి, అర చెంచా జీలకర్ర పొడి, పావు చెంచా మిరియాల పొడి, చిటికెడు పసుపు, తగినంత ఉప్పు, చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, చెంచాడు బియ్యప్పిండి కావాలి. అరచెక్క నిమ్మరసంతోనే కలపండి, నీళ్లు పోయవద్దు. అల్లం వెల్లుల్లిని కచ్చాపచ్చాగా దంచితే ఆ పలుకులు ముందే మాడి చేదెక్కుతాయి, మెత్తగా నూరాలి. ముద్ద పట్టించాక అరగంట చాలు. రాత్రంతా ఉంచితే రుచి బాగా పడుతుందని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. నిమ్మ పులుపుకు చేప కండ మెత్తబడి తిప్పేటప్పుడు విడిపోతుంది.

ఇనుప పెనం బాగా కాలాక మూడు పెద్ద చెంచాల వేరుశనగ నూనె వేయండి. నూనె కాగగానే రెండు రెబ్బల కరివేపాకు పరిచి, దాని మీద ముక్కలు పెట్టండి. ఆకు వాసన ముక్కకు పడుతుంది, ముక్క కూడా అంత తేలిగ్గా అంటుకోదు. ఒక వాయికి మూడు ముక్కలే వేయండి. ఇరికిస్తే పెనం చల్లారి, ముక్క వేగడానికి బదులు ఉడుకుతుంది.

ఇక నాలుగు నిమిషాలు దాన్ని ముట్టుకోవద్దు. మంట మధ్యస్థంగా ఉంచి, చెవి పెట్టి వినండి. మొదట చిటపటలు గట్టిగా ఉంటాయి. లోపలి నీరు ఇగిరేకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. అంచు దగ్గర ముద్ద ముదురు ఎరుపుకు తిరుగుతుంది. అప్పుడు అట్లకాడతో పక్కనుంచి నెట్టి చూడండి. జరిగితే తిప్పండి. జరగకపోతే బలవంతం చేయకండి, ఇంకో నిమిషం ఆగండి. రెండో వైపుకు మూడు నిమిషాలు సరిపోతాయి. నడిమి ముల్లు దగ్గర కండ తెల్లబడి, ముల్లు నుంచి విడివడితే ఉడికినట్టే.

పళ్లెంలో పప్పుచారు అన్నం పక్కన వేడివేడిగా వడ్డించండి. పెనంలో మిగిలిన మసాలా మడ్డిని, వేగిన కరివేపాకును పారేయకండి. పొయ్యి ఆపి, ఆ వేడిలోనే గుప్పెడు అన్నం వేసి కలపండి. మా ఇంట్లో ఆ ముద్ద కోసం పిల్లలు ముందే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడతారు.