నాపా వైన్ తోటకు బయల్దేరే ముందు

కుటుంబాలు నడిపే చిన్న తోటలకు ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. కాలిఫోర్నియాలోని నాపాలో చాలాచోట్ల అది లేకపోతే రానివ్వరు. 21 ఏళ్లు నిండాయని చూపే ఐడీ దగ్గరుంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, తిరుగు ప్రయాణంలో కారు ఎవరు నడుపుతారో ఇంట్లోనే తేల్చుకోండి. ఆ మనిషి ఆ రోజు తాగకూడదు. ఒక్కో రకం రుచికి పోసేది కొంచెమే, కానీ మూడు తోటలు తిరిగేసరికి బాగానే ఎక్కుతుంది. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. వీసా మీద ఉన్నవాళ్లు తాగి నడిపి అరెస్టయితే వీసానే రద్దు కావచ్చు. దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. రుచి చూసి అక్కడ పెట్టిన పాత్రలో ఉమ్మేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

సెంటు వద్దు, వైన్ వాసన తెలియదు.

కొన్న సీసాలను ఎండలో కారులో వదిలేయకండి.