లిఫ్ట్ చేసిన పికప్‌కి ట్రాక్షన్ బార్లు సొంతంగా కట్టుకోవడం

అమెరికాలోని టెక్సోమా చెరువు దగ్గర తడి ర్యాంపు మీద బోటు లాగుతుంటే వెనక చక్రాలు దబదబా ఎగురుతున్నాయా? ఇంజన్‌ని అనుమానించకండి, ఇరుసు మెలి తిరుగుతోంది. చక్రం ముందుకి తిరగబోతే హౌసింగ్, అంటే ఇరుసు పైపెట్టె, దానికి ఎదురు తిరుగుతుంది. పినియన్ మూతి, అంటే డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి తగిలే ముందు భాగం, పైకి లేస్తుంది, లీఫ్ స్ప్రింగులు పాములా వంకర తిరుగుతాయి. టైరు జారగానే అవి ఒక్కసారిగా వెనక్కి కొడతాయి, పట్టు దొరకగానే మళ్ళీ వంగుతాయి. ఆ కొట్టుడు ఇలాగే సాగితే డ్రైవ్‌షాఫ్ట్ క్రాసులు (దాని చివర్ల మలుపు జాయింట్లు) ఎక్కువ రోజులు ఉండవు. దీన్ని ఆపేదే ట్రాక్షన్ బారు, ఇరుసుని చాసీకి కలిపే పొడవాటి గొట్టం.

నా బండి 2006 షెవర్లే సిల్వరాడో 2500హెచ్‌డీ పికప్, డ్యూరమాక్స్ ఎల్‌బీజెడ్ డీజిల్ ఇంజన్. టార్క్ (తిప్పే బలం) 650 పౌండ్-అడుగులు, ఆలిసన్ గేర్‌బాక్సు మొదటి గేరు 3.10, ఇరుసు నిష్పత్తి 3.73. మూడూ గుణిస్తే ఇరుసు దగ్గర ఏడున్నర వేల పౌండ్-అడుగులు దాటుతుంది, గేర్‌బాక్సు ముందుండే టార్క్ కన్వర్టర్ పెంచేది ఇందులో కలపనే లేదు. పైగా లిఫ్ట్ కోసం, అంటే బండి ఎత్తు పెంచడానికి, పెట్టిన బ్లాకు స్ప్రింగుకీ ఇరుసుకీ మధ్య దూరం పెంచి ఆ మెలికకి మరింత బలమిస్తుంది. బ్లాకు మీద బ్లాకు ఎక్కించిన బండి అయితే బార్ల సంగతి తర్వాత. ముందు అవి పీకి, సరైన స్ప్రింగులు వేయించండి.

బారు చేయాల్సింది ఒక్కటే: ఇరుసు తిరగకూడదు, పైకీ కిందికీ మాత్రం హాయిగా ఆడాలి. ఇనుము ఎంత మందం అన్నదానికంటే ఆ బారు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందన్నదే ముఖ్యం. ఇరుసు లేచినప్పుడు బారు వెనక చివర వృత్తంలో కదులుతుంది. పొట్టి బారుని ఏటవాలుగా పెడితే ఆ వృత్తం ఇరుసుని ముందుకో వెనక్కో ఈడుస్తుంది, స్ప్రింగుతో గొడవ పడుతుంది, ప్రయాణం బండరాయి మీద కూర్చున్నట్టుంటుంది. అందుకే నేను 50 అంగుళాల పైనే పెడతాను. పొడుగు పెరిగేకొద్దీ వాలు తగ్గుతుంది. ముందు చివర చాసీకి, వెనక చివర ఇరుసు గొట్టం కింద వేలాడే బ్రాకెట్‌కి. బ్రాకెట్ మరీ కిందికి దిగితే మాత్రం లిఫ్ట్ చేయించి సంపాదించిన ఎత్తంతా అక్కడే పోతుంది.

గ్యాసు తొక్కినప్పుడు కింద పెట్టిన బారు మీద పడేది నొక్కుడు, లాగుడు కాదు. పొడవాటి సన్నటి గొట్టం నొక్కితే విల్లులా వంగిపోతుంది. 2 అంగుళాల వెడల్పు, పావు అంగుళం గోడ ఉన్న డీఓఎం గొట్టం (మాండ్రెల్ మీద లాగి తయారుచేసిన గట్టి ఉక్కు గొట్టం) తీసుకోండి. చివర్లకి వెల్డింగ్ బంగులు (లోపల మర ఉన్న ఉక్కు ముక్కలు), ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. అప్పుడు జామ్ నట్లు (మర కదలకుండా పట్టే నట్లు) వదులు చేసి బారు తిప్పితే చాలు, బారు ఊడదీయకుండానే పొడుగు సరిచేసుకోవచ్చు. హైమ్ జాయింట్లు (బంతిలా తిరిగే లోహపు చివరలు) గట్టివే కానీ గలగలమంటాయి. రోజూ ఆఫీసుకి నడిపే బండి అయితే ఒక చివరైనా పాలీ బుష్ (పాలీయురెథేన్ మెత్త) వేసుకోండి.

చాసీకి నేను వెల్డింగ్ చేయను, బోల్టులే. చాసీ పెట్టెలా మూసి ఉంటే లోపల స్లీవు (బోల్టు దూరే గొట్టం ముక్క) తప్పనిసరి, లేకపోతే బిగించేకొద్దీ గోడ లోపలికి నొక్కుకుపోతుంది. డ్రైవర్ వైపు డ్రిల్లు పెట్టేముందు వెనకేముందో చేత్తో తడిమి చూడండి. డీజిల్ ట్యాంకు అటే ఉంటుంది, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు కూడా ఉండొచ్చు.

కొలతలన్నీ బండి టైర్ల మీద నిలబడి ఉన్నప్పుడే తీయాలి, జాకీ మీద వేలాడుతున్నప్పుడు కాదు. పినియన్ కోణం రాసిపెట్టుకుని, బ్రాకెట్లని ట్యాక్ (తాత్కాలిక చుక్క వెల్డింగ్) వేసి, బారు పెట్టి చూడండి. అంతా కుదిరాక జాయింట్లు తీసేసి పూర్తి వెల్డింగ్ చేయండి, లేకపోతే లోపలి టెఫ్లాన్ పొర మాడిపోతుంది. రెండు బ్యాటరీలూ విప్పేయాలి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పక్కనే పట్టాలి, కరెంటు బేరింగుల గుండా పోకూడదు. ఇరుసు గొట్టం మీద ఒక అంగుళం వేసి ఆగి, అటువైపు ఒక అంగుళం వేయండి. ఏకబిగిన లాగితే గొట్టం వంగుతుంది. మధ్యలో ఉన్న పోత ఇనుము గుండుని ముట్టుకోవద్దు.

బోల్టులు ఎక్కించేటప్పుడు చేత్తోనే జారిపోవాలి. సుత్తి కావాల్సి వస్తే పొడుగు తప్పినట్టే, బారు తిప్పి సరిచేయండి. జాయింటు మర కనీసం తన వెడల్పంతైనా బంగులోకి దిగి ఉండాలి. తర్వాత చాసీని లేపి ఇరుసు పూర్తిగా వేలాడనిచ్చి ఒకసారి, ఒక చక్రాన్ని మాత్రం పూర్తిగా పైకి లేపి ఇంకోసారి, ఎక్కడైనా తగులుతుందేమో చూడండి. ఎగ్జాస్టుకీ బారుకీ మధ్య వేలు పట్టకపోతే ఆ చోటు మార్చాల్సిందే.

వంద మైళ్ళు తిరిగాక జామ్ నట్లన్నీ మళ్ళీ బిగించండి. నట్టుకి అడ్డంగా పెయింట్ పెన్నుతో ఒక గీత గీసి ఉంచితే, ఆయిల్ మార్చిన ప్రతిసారీ వదులైందో లేదో చూడగానే తెలుస్తుంది.