పాత డయల్ ఫోనును మళ్లీ మోగించడం ఎలా?

1948లో బెంగళూరులో మొదలైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ) తయారుచేసిన నల్లటి డయల్ ఫోను చేతికి వస్తే, వెంటనే లైనుకు తగిలించకుండా ముందుగా అడుగు పలక విప్పి, ఏ తీగ ఎక్కడ బిగించి ఉందో ఫోటోలు తీసుకోండి. బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్ పెట్టెను తడి గుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. గరుకు పొడితో రుద్దితే పైపొర మెరుపు పోతుంది.

అసలు శ్రద్ధ డయల్‌పైనే పెట్టాలి. సున్నా తిప్పి వదిలితే అది సుమారు ఒక సెకనులో, ఒకే వేగంతో వెనక్కి రావాలి, ఎందుకంటే ఆ కాస్త వ్యవధిలోనే అది లైనును 10 సార్లు తెంచి కలుపుతుంది. మధ్యలో తడబడితే పాత జిడ్డు గట్టిపడి ఉండవచ్చు. ఇరుసు దగ్గర గడియారాల నూనె ఒక్క చుక్క వేయండి, లైనును తెంచి కలిపే లోహపు కొనలకు (కాంటాక్టులకు) మాత్రం తగలనీయకండి. వాటి మధ్య శుభ్రమైన తెల్ల కాగితం ఉంచి మెల్లగా లాగితే నల్లటి మురికి దానికి అంటుకుని వస్తుంది, ఆ మురికి వల్లే చాలాసార్లు నంబర్లు తప్పుగా పడతాయి.

మీ మాట అవతలివారికి సన్నగా వినిపిస్తే, మాట్లాడే భాగంలో గట్టిపడిన కార్బన్ రేణువులు విడివడేలా రిసీవర్‌ను అరచేతిపై నెమ్మదిగా తట్టండి. గంట మోగేటప్పుడు లైనులో 75 వోల్టులు, అంతకు మించి కూడా ఏసీ విద్యుత్తు ఉంటుంది కనుక, లైను తీసేశాకే లోపల చేయి పెట్టాలి. నేటి ఫైబర్ మోడెములు చాలావరకు పల్స్ డయలింగును, అంటే ఇలా లైనును తెంచి కలుపుతూ నంబరు పంపే పద్ధతిని, గుర్తించవు. పల్స్‌ను బటన్ ఫోన్లు పంపే శబ్ద సంకేతంగా (టోన్‌గా) మార్చే చిన్న పరికరాన్ని మధ్యలో అమర్చుకోండి.