యాప్ సైజు తగ్గించండి, తెలుగు మాత్రం జారిపోకుండా చూసుకోండి

గుంటూరు మిర్చి ధరలు చూపించే చిన్న ఆండ్రాయిడ్ యాప్ ఒకటి నడుపుతుంటాను. దాని గురించి ఏ రైతుకు చెప్పినా ముందు అడిగేది "ఎన్ని ఎంబీలు బాబూ?" అనే. జియో వచ్చాక డేటాకు పెద్దగా లోటు లేదు, కరువంతా ఫోన్‌లో చోటుకే. 32 జీబీ ఫోన్‌లో సిస్టమ్ పోగా మిగిలినదంతా వాట్సాప్ గుడ్ మార్నింగ్ బొమ్మలే. స్టోరేజ్ నిండిందని ఫోన్ గోల పెడితే ముందు వేటు పడేది వారానికోసారి తెరిచే మనలాంటి వాళ్ళ యాప్ మీదే. ఏపీకే (ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) సైజు 6 ఎంబీ పెరిగినప్పుడల్లా, ప్లే స్టోర్‌లో యాప్ పేజీకి వచ్చి ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ళు సుమారు 1 శాతం తగ్గుతున్నారని 2017లో గూగుల్ ప్లే వాళ్ళే లెక్క చెప్పారు.

ఏదైనా తీసేసే ముందు సైజు ఎక్కడుందో చూడండి. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ మెనూ కింద 'అనలైజ్ ఏపీకే' ఉంటుంది. ఏ ఫోల్డర్ ఎంత తింటోందో వరసగా చూపిస్తుంది. చాలా యాప్‌లలో పైన కనిపించేవి బొమ్మలు, లేదా లిబ్ ఫోల్డర్ (ఒక్కో రకం ప్రాసెసర్‌కు వేరుగా ఉండే కోడ్ ఫైళ్ళు).

లిబ్ సంగతి తేలికే. ఏపీకే బదులు, ప్లే స్టోర్ ఫోన్‌ను బట్టి విడగొట్టి పంపే యాప్ బండిల్ ఎక్కిస్తే ఏ ఫోన్ ప్రాసెసర్‌కు కావలసింది ఆ ఫోన్‌కే వెళ్తుంది. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లకు ఎలాగూ అదే తప్పనిసరి. స్టూడియోలో బొమ్మల మీద రైట్ క్లిక్ చేస్తే 'కన్వర్ట్ టు వెబ్‌పీ' వస్తుంది, వెబ్‌పీ అంటే తక్కువ చోటు తినే బొమ్మల ఫార్మాట్. తేజ, బాడిగ కాయల ఫొటోలను 75 క్వాలిటీలో మార్చినా తేడా నా కంటికైతే ఆనలేదు.

బండిల్‌తో మన భాషకు ఒక చిక్కుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఏ భాష ఉందో చూసి ప్లే స్టోర్ ఆ భాష ఫైళ్ళనే పంపుతుంది. మనవాళ్ళలో ఎంతోమంది ఫోన్‌ను ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు. వాళ్ళు యాప్‌లో 'తెలుగు' బటన్ నొక్కితే మళ్ళీ ఇంగ్లీషే కనిపిస్తుంది, తెలుగు అసలు దిగనే లేదు కాబట్టి. కేబుల్ పెట్టి స్టూడియో నుంచి ఎక్కించి చూస్తే ఇది బయటపడదు, ప్లే స్టోర్ ఇంటర్నల్ టెస్టింగ్ (విడుదలకు ముందు కొద్దిమందికే ఇచ్చే ఏర్పాటు) ద్వారా దించుకుని చూడాలి. మందు చిన్నదే: గ్రేడిల్ ఫైల్‌లో (యాప్ బిల్డ్ సెట్టింగ్‌లు ఉండేది) బండిల్ విభాగం కింద భాషలను విడగొట్టే లాంగ్వేజ్ స్ప్లిట్‌ను ఫాల్స్ చేయండి. అప్పుడు లైబ్రరీలతో (మన యాప్‌లో కలుపుకునే ఇతరుల కోడ్) వచ్చే ఫ్రెంచి, జపనీసు లాంటివి కూడా దిగుతాయి కనుక, అదే గ్రేడిల్ ఫైల్‌లో లొకేల్ ఫిల్టర్స్ (పాత వెర్షన్లలో రిసోర్స్ కాన్ఫిగ్స్) కింద తెలుగు, ఇంగ్లీషు మాత్రమే ఉంచండి.

తర్వాత ఫాంట్. ఒత్తులు, గుణింతాల వల్ల తెలుగు ఫాంట్ ఇంగ్లీషు దానికన్నా బరువు. రెగ్యులర్, బోల్డ్ చాలు. నన్నడిగితే ఫోన్‌లో ఉన్న ఫాంటే వాడుకోమంటాను. ఆన్‌లైన్‌లో దొరికే కన్వర్టర్లతో సైజు కోసం ఫాంట్‌ను కత్తిరిస్తే అక్షరాలు ఉండి ఒత్తులు విడిపోవచ్చు. కత్తిరించాక 'లక్ష్మి', 'స్త్రీ', 'రాష్ట్రం' టైప్ చేసి చూడండి. ఈ మూడూ సరిగ్గా పడితేనే ముందుకు వెళ్ళండి.

జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో మినిఫై, ష్రింక్ రిసోర్సెస్ రెండూ ట్రూ చేస్తే వాడని కోడ్‌ను ఆర్8 అనే టూల్ తీసేస్తుంది. ఒక్కోసారి సర్వర్ నుంచి వచ్చే డేటాను చదివే క్లాసుల పేర్లు మార్చేసి ధరల పట్టికను ఖాళీ చేస్తుంది. వాటిని ముట్టుకోవద్దని చెప్పే కీప్ రూల్ రాసి, రిలీజ్ బిల్డ్‌నే పరీక్షించండి.

వాడకం నేర్పే వీడియోలు యాప్‌లో పెట్టకండి. అలాగని ఇన్‌స్టాల్ అయ్యాక చెప్పకుండా దించారంటే జనం ఊరుకోరు. బటన్ మీదే 'వీడియో, 14 ఎంబీ' అని రాసి, నొక్కినవాళ్ళకే ఇవ్వండి.

ప్రతి రిలీజ్ తర్వాత ప్లే కన్సోల్‌లో (మనం యాప్ ఎక్కించే గూగుల్ సైట్) యాప్ సైజ్ పేజీ తెరిచి డౌన్‌లోడ్ సైజు చూడండి. అది ఉన్నట్టుండి పెరిగితే చివరగా చేర్చిన లైబ్రరీని ముందు అనుమానించండి. నా విషయంలో దొంగ ఎప్పుడూ ప్రకటనల లైబ్రరీయే.