పిల్లల చేతికి విల్లు ఇచ్చే ముందు

ఆర్చర్లు జ్యోతి సురేఖ, ధీరజ్ బొమ్మదేవర మన విజయవాడ వాళ్లే కదా, సెలవులు రాగానే పిల్లలు ఆర్చరీ క్యాంపుకి ఎగబడతారు. ఆ ఉత్సాహం చాలా మంచిది. అయితే మొదటి బాణం కంటే ముందు ఇవి చూసుకోండి.

గ్రౌండ్: టార్గెట్ల వెనక బాణాలు ఆపే నెట్ లేదా ఎత్తైన మట్టికట్ట ఉండాలి. పక్కన క్రికెట్ ఆడేవాళ్లు బంతి కోసం అటు రాకుండా తాడు కట్టండి.

విజిల్: విల్లు పట్టకముందే నేర్పాలి. రెండు ఊదితే లైన్ మీదకు, ఒకటైతే వేయడం మొదలు, మూడైతే బాణాలు తెచ్చుకోవడం, ఐదు లేదా అంతకు మించి వరసగా వినిపిస్తే ఎక్కడివాళ్లక్కడ ఆపేసి, లాగిన నారిని (విల్లు తాడుని) వదిలేయకుండా మెల్లగా ముందుకు తెచ్చి, బాణం తీసేయాలి.

విల్లు: చిన్నవాళ్లకి నారి లాగడానికి 10-12 పౌండ్ల బలం పట్టే విల్లు చాలు. బాణం లేకుండా నారి లాగి వదలనివ్వొద్దు, విల్లు పగులుతుంది. పూర్తిగా లాగినా బాణం మొన విల్లుకి ముందే ఉండాలి, పొట్టి బాణం జారి చేతిలో దిగుతుంది. చీలిక ఉన్న బాణం పక్కన పడేయండి.

నాకు అసలు టెన్షన్ బాణాలు పీకేటప్పుడే. పిల్లలు పరిగెత్తుకొస్తారు, బయటికి పొడుచుకొచ్చిన బాణం తోకలు సరిగ్గా వాళ్ల కళ్ల ఎత్తులో ఉంటాయి. కాబట్టి నడిచే వెళ్లాలి, ఒక చెయ్యి టార్గెట్‌కి ఆనించి, రెండో చేత్తో బాణాన్ని టార్గెట్‌కి దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగాలి, వెనక ఎవరూ నిలబడకూడదు.

చున్నీ, గొలుసు తీసేయించి జడ వెనక్కి కట్టించండి. చెప్పులు కాదు, షూ. నారి తగలకుండా ముంజేతికి కట్టుకునే ఆర్మ్‌గార్డ్ అందరికీ ఉండాల్సిందే. మే నెల ఎండకి ఉదయం ఎనిమిదిన్నరకల్లా ముగించండి.