బధిరుల ఉపాధ్యాయ సంఘం చరిత్రను రాయడం ఎలా?

సంఘం చరిత్ర రాసే బాధ్యతను కార్యవర్గం అప్పగించగానే మనలో చాలామంది పాత సావనీర్లు ముందేసుకుని అధ్యక్ష, కార్యదర్శుల పేర్లను వరసగా ఎక్కించుకుంటారు. ఆ జాబితా అనుబంధంగా పనికొస్తుంది గాని చరిత్ర అనిపించుకోదు. బధిరులకు చదువు చెప్పేవారి సంఘంలో అసలు కథంతా ఒక్క వివాదం చుట్టూ తిరిగింది: పిల్లలకు మాట నేర్పడమే చదువా, లేక వాళ్ల సైగలతోనే చదువు చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు మీ సంఘం ఏ కాలంలో ఏ జవాబు ఇచ్చిందో, దాన్ని ఎప్పుడు, ఎవరి ఒత్తిడితో మార్చుకుందో వెతకాలి.

ముందు పుట్టిన తేదీ తేల్చుకోవాలి. ఉదాహరణకు బ్రిటన్‌లో 1895లో బధిరుల ఉపాధ్యాయుల జాతీయ సంఘం ఏర్పడింది. అది 1918లో, తనకంటే పదేళ్లు పెద్దదైన మరో సంస్థతో కలిసి కొత్త పేరు పెట్టుకుంది. 1976లో ఇంకొక విలీనం జరిగి నేటి బ్రిటిష్ సంఘం అయింది. దాని వయసు ఎంతంటే మూడు నాలుగు జవాబులున్నాయి, అన్నీ సరైనవే. మీరు ఏ మొదలు నుంచి లెక్కిస్తున్నారో మొదటి పేజీలోనే చెప్పండి. హైదరాబాదులో పాత నమోదు పత్రాలపై 1350 ఫసలీ (నిజాం కాలపు సంవత్సర లెక్క) నాటి సంఘాల నమోదు చట్టం పేరు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది చట్టం పుట్టిన ఏడే గాని సంఘం పుట్టిన ఏడు కాదు. నిజాం రాజ్యపు ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది గనుక, అక్టోబరు నుంచి డిసెంబరు చివరి దాకా తేదీలకు 590, జనవరి నుంచి ఆ ఫసలీ ఏడు ముగిసేదాకా తేదీలకు 591 కలిపితే క్రీస్తుశకం వస్తుంది.

కాగితాల విషయానికి వస్తే, మినిట్స్ పుస్తకాలు, చందా రసీదులు, సర్వసభ్య సమావేశాల నోటీసులు సాధారణంగా మాజీ కార్యదర్శుల ఇళ్లలో అటక మీద ఉంటాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు సంఘాలు కూడా చీలాయి గనుక కొన్ని పెట్టెలు ఇప్పుడు విజయవాడలోనో గుంటూరులోనో ఉండవచ్చు. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనాగారంలోను, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలోను వెతికేటప్పుడు 'బధిర' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. నిజాం కాలపు దస్త్రాల్లో 'గూంగే' (మూగ), 'బహ్రే' (చెవిటి) అనే ఉర్దూ మాటలు, తరువాతివాటిలో 'మూగ చెవిటి', ఇటీవలివాటిలో 'వినికిడి లోపం' ఉంటాయి. సంఘం తన పేరులో ఏ మాటను ఎప్పుడు వదులుకుందో గుర్తిస్తే అక్కడే ఒక అధ్యాయం దొరుకుతుంది.

తీర్మానాలను చదవడానికి కాస్త నేపథ్యం కావాలి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్య మహాసభ నోటి మాటతోనే బోధించాలని తీర్మానించింది; అక్కడి 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కరే. ఆ తీర్మానం నీడ మన తరగతి గదుల మీదా చాలాకాలం పడింది. పెదవులను చూసి మాట గ్రహించడం ఎంత కష్టమో పాఠకులకు తెలియాలంటే 'పాట, బాట, మాట' అని గొంతు రాకుండా అద్దం ముందు పలికి చూడమనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. అందుకే ఉపాధ్యాయులు నోటి ముందు కాగితపు ముక్క పట్టుకుని 'ప' అన్నప్పుడు అది ఎగరడాన్ని చూపేవారు, 'బ'కు పిల్లవాడి చేతిని గొంతు మీద ఆనించి అదురు తెలిసేలా చేసేవారు. వారి శ్రమను తక్కువ చేసి రాయకండి. ఆ శ్రమ కింద నలిగిన పిల్లలను మరిచిపోయి కూడా రాయకండి. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం వచ్చాక ఈ ఉపాధ్యాయులకు శిక్షణ, నమోదు తప్పనిసరి కావడం, 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడడం తీర్మానాల్లో ఎలా ప్రతిఫలించాయో చూడండి.

ఎక్కువ సమయం పెట్టవలసింది ముఖాముఖీల మీద. ఉపాధ్యాయులతో పాటు వారి పూర్వ విద్యార్థులనూ కలవాలి, లేకపోతే సగం చరిత్రే వస్తుంది. పూర్వ విద్యార్థుల దగ్గర ఆడియో రికార్డరు పనికిరాదు. తీస్తే వీడియోయే తీయాలి, ముఖమూ రెండు చేతులూ నడుము దాకా పడేలా. నేను మొదటిసారి ఒక పెద్దాయనను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టాను. గంటసేపు తీసి ఇంటికి వచ్చి చూస్తే వెలుగులో నల్లటి నీడ తప్ప వేళ్లు కనబడలేదు. సంజ్ఞా భాష దుబాసీని పక్కన పెట్టుకోండి గాని ఆ విద్యార్థికి చదువు చెప్పిన ఉపాధ్యాయుడినే దుబాసీగా పెట్టవద్దు; తనను కొట్టిన మాస్టారు ముందు ఎవరూ నిజం చెప్పరు. వీడియోను ఎవరికి చూపిస్తారో ముందే చెప్పి, సైగల్లోనే అనుమతి అడగండి.

పాత గ్రూపు ఫొటో ఒకటి వెంట తీసుకెళ్లండి. పూర్వ విద్యార్థులకు మాస్టారి అసలు పేరు గుర్తుండకపోవచ్చు, కాని ప్రతి మాస్టారికీ వాళ్లు పెట్టుకున్న సైగ పేరు ఉంటుంది: ఒకరికి మీసం మెలి, మరొకరికి నుదుటి మీద పెద్ద బొట్టు. ఫొటో కింద అసలు పేరు పక్కన ఆ సైగను కూడా మాటల్లో రాయండి.