వాసన పోయిందని డైజెస్టర్‌లోకి దిగకండి

రోహిణి కార్తె వచ్చిందంటే చాలు, వానలు పడేలోపు డైజెస్టర్ (చెత్తని కుళ్లబెట్టి గ్యాస్ తీసే మూసిన ట్యాంకు) అడుగున పేరుకున్న మడ్డి తీయించేద్దామని తొందరపడుతుంటారు, విజయవాడలో అయితే ఆ తొందర ఇంకా ఎక్కువ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్ నగర్‌ని ఎలా ముంచేసిందో ఎవరూ మర్చిపోలేదు కదా. తీయించండి, కానీ దయచేసి మనుషుల్ని ఊరికే దించకండి.

మార్కెట్ చెత్త కుళ్లితే వచ్చే గ్యాస్‌లో సగానికి పైగా మీథేన్, మిగతా చాలావరకు కార్బన్ డయాక్సైడ్, ఎక్కడో కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్. ముందుగా ప్రాణం తీసేది ఆ కొద్దిదే. మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) దాటేసరికి ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియదు. "పర్లేదన్నా, వాసన పోయింది" అని మనిషి దిగేది సరిగ్గా అప్పుడే. 500 దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది.

మ్యాన్‌హోల్ దగ్గర గ్యాస్ డిటెక్టర్ సున్నా చూపించినా నమ్మకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, అడుగునే ఉంటుంది. పైగా అట్టకట్టిన మడ్డిలో పార గుచ్చగానే బుడగలు బుసబుసా లేస్తాయి, అప్పటిదాకా సున్నా ఉన్న అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే డిటెక్టర్ దిగేవాడి ఛాతీ మీదే ఉండాలి, మోగిందంటే పార అక్కడే వదిలేసి పైకి రావాలి. పని అయ్యేదాకా లోపలికి గాలి కొట్టే బ్లోయర్ ఆగకూడదు, అది కూడా స్పార్క్ రాని రకమే పెట్టండి, గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. సెల్‌ఫోన్లు, బీడీలు గేటు దగ్గరే తీసుకోండి.

తెరవకముందే ఉన్న గ్యాస్‌ని ఇంజిన్‌లోనో ఫ్లేర్‌లోనో (మిగిలిన గ్యాస్‌ని మండించే గొట్టం) కాల్చేసి, పైపులకి బ్లైండ్ ప్లేట్లు (దారి పూర్తిగా మూసేసే రేకులు) బిగించండి. ఒక్క వాల్వ్‌ని నమ్ముకోవద్దు.

ఒంటికి హార్నెస్ (తాడు తగిలించే పట్టీలు), గాలి సిలిండర్, పైన మనిషిని లాగే ట్రైపాడ్, దాని పక్కనుంచి కదలని ఒక మనిషి, ఇవన్నీ కుదిరితేనే దించండి. మాస్కూ తడిగుడ్డా పనికిరావు. లోపలివాడు పడిపోతే తాడుతో లాగాలే తప్ప వెనకాలే దూకొద్దు. అన్న పడ్డాడని తమ్ముడు, వాడి కోసం ఇంకొకడు, ఇలాంటి గుంటల్లో ఒకరి వెనక ఒకరు పోయేది అలాగే, ఆ ఇళ్ల ముందు నిలబడి ఏం చెప్పగలం?

స్క్రబ్బర్‌లో (గ్యాస్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని తీసేసే డబ్బా) వాడేసిన ఐరన్ మీడియాని, అంటే ఇనుము కలిసిన వడపోత పదార్థాన్ని, తడిపి తీయండి, గాలి తగిలితే వేడెక్కి అంటుకుంటుంది. డైజెస్టర్ మళ్లీ నింపాక వచ్చే మొదటి గ్యాస్‌లో గాలి కలిసి ఉంటుంది, దాన్ని ఇంజిన్‌కి ఇవ్వకండి, ఫ్లేర్ కూడా వెలిగించకండి, నిప్పుకి దూరంగా పైకి వదిలేయండి. నున్న మామిడి మార్కెట్ నుంచి చెత్త వచ్చే రోజులు కాబట్టి కొంచెం కొంచెంగానే వేయండి, ఒక్కసారే వేస్తే లోపల పులిసిపోయి గ్యాస్ రాక, మళ్లీ మూత తీయాల్సి వస్తుంది.